చోటు మార్చనివాళ్లు

ఆలస్యమైతే ఉండు, అంది నళిని ఫోన్లో. నిన్నటి నుంచీ ఆ మాటే చెవిలో తిరుగుతోంది. ఉండు అని అడవిలో మాలో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. మా పద్ధతిలో ఉండడం లేదు, వెళ్లిపోవడమే ఉంది. అనుకున్న చోటికి మనిషి రాకపోతే పావుగంట చూడాలి, ఆ తర్వాత రావలసింది కన్నతల్లే అయినా సరే వెనక్కి తిరక్కుండా నడిచిపోవాలి. కొత్తగా చేరినవాళ్లను బండల మీద కూర్చోబెట్టి ఈ పాఠం చెప్పినవాణ్ని నేనే. ఇప్పుడు బెంగళూరు బళేపేటలో, గాజుల దుకాణానికి ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో, గోడకు వీపు ఆనించి, వీధి రెండు కొసలూ కనపడే బల్ల చూసుకుని కూర్చున్నాను. బల్ల ఎంచుకోవడంలో పాత అలవాటు పోలేదు. తల మీద ఫ్యాను ఉండకూడదన్నది ఆ తర్వాత వచ్చిన అలవాటు. పక్క దుకాణంలో ఎవరో డోలు కొనబోతూ వాయించి చూస్తున్నారు. నాలుగు దెబ్బలు కొట్టి ఆపుతున్నారు, బేరం చేస్తున్నారు, మళ్లీ కొడుతున్నారు. అది ఆగినప్పుడల్లా నా తల వీధి వైపు తిరుగుతోంది.

దుకాణం పై అంతస్తులో నా భార్య శశికళ, కూతురు గీతాంజలి గాజులు చూస్తున్నారు. వచ్చే నెల గీత పెళ్లి. శశికళది ఆనేకల్లు, మగ్గాల ఇల్లు. వాళ్లలో పెళ్లికి ముందు గాజుల శాస్త్రం ఉంది. పెళ్లికూతురికే కాదు, గడప తొక్కిన ప్రతి ఆడమనిషికీ, పాలు పోసే ఆమెతో సహా, గాజులు తొడిగి పంపాలి. అందుకని పెట్టెలకు పెట్టెలు కొంటున్నారు. నన్నూ పైకి రమ్మన్నారు. గాజుల మధ్య నాకేం పని, కింద కాఫీ తాగుతుంటాను అన్నాను. అబద్ధం కాదు, తాగుతూనే ఉన్నాను. బై టూ చెప్పాను. ఈ ఊళ్లో ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోయించుకోవడం ఎంత మామూలంటే, ఒక్కడివే ఉన్నావు కదా అని కౌంటర్లో మనిషి అడగను కూడా లేదు. నా గ్లాసు అయిపోయింది. ఎదుటి గ్లాసులో మీగడ కట్టింది. నళిని కాఫీ తాగుతుందో లేదో కూడా నాకు తెలియదు. అడవిలో నల్ల టీ తప్ప ఎవరం ఏం తాగాం గనక.

నిన్న ఫోన్ మోగినప్పుడు, నీళ్ల ట్యాంకరు రాలేదనో, ఎవరో తమ చోటులో బండి పెట్టారనో ఏ ఫ్లాటువాళ్లో అనుకుని, చెప్పండి సార్ అన్నాను. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక పెద్ద అపార్ట్‌మెంటుకు సెక్యూరిటీ సూపర్వైజర్ని. నా ఉద్యోగంలో సగం ఆ సార్ అనడమే.  అవతలి నుంచి, "అన్నా, నేను నళినిని" అంది. నా పేరు శ్రీనివాసప్ప. గార్డులకు సార్‌ని, ఆనేకల్లుకు అల్లుణ్ని, ఇంట్లో నాన్నని. అన్నా అని ఆ సాగదీతతో పిలిచినవాళ్లందరూ నల్లమలలో ఉండిపోయారు. అక్కడ నా పేరు దామోదర్. విప్లవ సైన్యంలో కమాండర్ని. విప్లవం వస్తుందని కాదు, వచ్చేసిందని, మేం దాని లోపలే నడుస్తున్నామని నమ్మిన రోజులవి. నళిని నా డిప్యూటీ. వాళ్ల అక్క కొడుకు మా అపార్ట్‌మెంట్లోనే ఉంటాడట, మొన్న అతని కారులో వచ్చిందట, గేటు దగ్గర నన్ను చూసిందట. "నువ్వు నాకు సెల్యూట్ కొడితివన్నా" అని చిన్నగా నవ్వింది. కొట్టే ఉంటాను. నేను కార్లకు సెల్యూట్ కొడతాను, లోపల ఉన్న ముఖాలు చూడను. లోపలికి వచ్చేవాళ్ల ముఖాలు చూడడానికే నాకు జీతం ఇస్తున్నారు. గేటు పక్కన బోర్డు మీద సూపర్వైజర్ నంబరు రాసి ఉంటుంది, అది చూసి ఫోన్ చేసింది. ఇన్నేళ్లూ నేను దాక్కున్నది ఒక బోర్డు కింద.

ఒక మాట చెప్పాలంది. ముఖం చూసి చెప్పాల్సిన మాటంది. ఇంటికి వస్తాననగానే, వద్దు, రేపు బళేపేటలో ఉంటాను, అక్కడికి రా అన్నాను. శశికళ ఉండే చోటికే రమ్మన్నాను. ఇంకే చోటూ నోటికి రాలేదు. నోటికి వచ్చిన చోటు చెప్పడం నాకు బాగానే అలవాటు మరి. చూడు, ఇలాంటి మాట దానంతటదే వచ్చి కూర్చుంటుంది, తోసేసినా పోదు.

నళిని ఏం చెబుతుందో నాకు తెలుసు. ఆమె తెలివితక్కువది కాదు. నేను కొండ ఎప్పుడు దిగాను, పోలీసులు ఎప్పుడు వచ్చారు, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఈపాటికి అంతా తేల్చుకునే ఉంటుంది. నన్ను కాల్చదు, ఆ కాలం పోయింది. శశికళ ముందు ఒక్క మాట అంటుంది, చాలు. శశికళకు నా గతం తెలుసు, అంటే నేను చెప్పినంత తెలుసు. అన్నల్లో ఉండేవాణ్నని, మందుల కోసం కిందికి దిగితే పోలీసులు పట్టుకున్నారని, కొట్టీ కొట్టీ చోటు చెప్పించారని, అలా నావాళ్లు పోయారని. నా వీపు మీద ఒక పొడుగాటి మచ్చ ఉంది. వానలో బండ మీంచి జారి పడితే అయిన గాయం అది, మా దళంలోని ఆవులప్ప ఏదో ఆకు నూరి కట్టు కట్టాడు. పెళ్లైన కొత్తలో శశికళ దాని మీద వేలు పెట్టి, ఇది వాళ్లు కొట్టిన దెబ్బేనా అని అడిగింది. అవునన్నాను. అంతే, ఒక్క అవును. అప్పటి నుంచీ చలికాలం వస్తే కొబ్బరినూనె వెచ్చచేసి ఆ మచ్చకు రాస్తుంది. రాస్తూ, ముఖం కూడా చూడని పోలీసులను కన్నడంలో తిడుతుంది. మా పడకగదిలో ఫ్యాను లేదు. బెంగళూరు చల్లగా ఉండే రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఎండలు మండుతుంటే కూడా శశికళ చెమట కారుస్తూ పడుకుంటుంది గాని ఫ్యాను పెట్టిద్దామనదు. లాకప్పులో ఏదో జరిగి ఉంటుందని ఆమె ఊహ. గీతకు ఇదేదీ తెలియదు. నాన్న ఎప్పుడో మిలిటరీలో ఉండేవాడని చిన్నప్పుడు స్కూల్లో చెప్పుకుంది, మేం దిద్దలేదు. ఇదంతా నా ఇల్లు, ఒక్క అవును మీద కట్టినది. నళిని ఒక్క కాదు అంటే మిగిలేదేమీ లేదు.

డోలు ఆగింది. వీధి మలుపులో ఒకామె... కాదు, చేతిలో పూలబుట్ట. పావుగంట ఎప్పుడో దాటింది. లేచి పోవచ్చు. పద్ధతి నా వైపే ఉంది.

పద్ధతి నా వైపే ఉందని ఆ రోజు కూడా అనుకున్నాను. మా దళంలో ఈరమ్మకు చలిజ్వరం. వంటి మీద మా అందరి దుప్పట్లూ కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. మాత్రలు నేనే తెస్తానన్నాను. కమాండర్ దిగకూడదని నళిని గుర్తు చేసింది. మెడికల్ షాపతను నన్ను తప్ప నమ్మడు అన్నాను. అది నిజమే. నా అబద్ధాలన్నీ ఎప్పుడూ ఏదో ఒక నిజం భుజం మీదే నిలబడతాయి. దిగేటప్పుడు నా మనసులో ఏమీ లేదు, ఒట్టు, అలసట తప్ప ఏమీ లేదు. మాత్రలు కొన్నాను. బస్టాండు ఎదుట హోటల్లో కూర్చున్నాను. తల మీద ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి చొక్కా ఆరింది. ఏళ్ల తరబడి చొక్కా నా వంటి మీద తడిగానే ఉండేది, వానకో చెమటకో. ఆరిన చొక్కాలో కూర్చోవడం ఎలా ఉంటుందో మరిచిపోయాను. పక్క బల్ల దగ్గర ఒకతను చంటిపిల్లకు ఇడ్లీ ఊది ఊది తినిపిస్తున్నాడు, ఆ పిల్ల నోరు తెరిచి తర్వాతి ముక్క కోసం చూస్తోంది. లేవాలి అనుకున్నాను. లేవలేదు. తూటాలంటే కాదు, మళ్లీ కొండ ఎక్కడమంటే భయం వేసింది. ముసలివాణ్నయ్యేదాకా ఎక్కుతూనే ఉండడమంటే. విప్లవం మీద నమ్మకం పోయి లొంగిపోయానని తర్వాత నాతో పత్రికలకు చెప్పించారు. నమ్మకం పోలేదు. ఫ్యాను కింద నుంచి లేవబుద్ధి కాలేదు. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే నాకూ బాగుండేది.

అప్పుడు ఒక లెక్క వేశాను, కమాండర్ వేసే లెక్క. కిందికి దిగినవాడు పొద్దు గూకేలోగా తిరిగి రాకపోతే మిగిలినవాళ్లు వెంటనే చోటు మార్చాలి. చర్చ లేదు, ఆగడం లేదు. సరే, పొద్దు గూకనీ. వాళ్లు కదిలిపోయాక స్టేషను మెట్లు ఎక్కుతాను, చోటు చెబుతాను, పోలీసులు వెళితే ఆరిన పొయ్యి, ఖాళీ బండలు కనపడతాయి. వీళ్లకు చెప్పినట్టు ఉంటుంది, వాళ్లకు ఏమీ కాదు, నాకు బతుకు దొరుకుతుంది. ఎంత చక్కగా కుదిరిందో. బజార్లో దీపాలు వెలిగేదాకా బస్టాండులోనే తిరిగాను, తర్వాత ఒక గంట ఎక్కువే ఆగాను, నా మంచితనం నేనే చూసుకుంటూ. స్టేషన్లో నన్ను ఎవరూ ముట్టుకోలేదు. కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. అడిగింది చెప్పాను. రాత్రి అక్కడే పడుకోమన్నారు, నిద్ర కూడా పట్టింది. ఆ నిద్రను మాత్రం నేను ఎవరికీ చెప్పుకోలేను.

మర్నాడు గుర్తుపట్టడానికి తీసుకెళ్లారు. గడ్డి మీద వరసగా పడుకోబెట్టి ఉన్నారు. పేర్లు చెప్పమన్నారు. ఆవులప్ప, అన్నాను. పుల్లయ్య, అన్నాను. ఇంకా చెబుతూ పోయాను, హాజరు వేసినట్టు. ఈరమ్మ దగ్గరికి వచ్చేసరికి చొక్కా జేబులో మాత్రల అట్ట గుచ్చుకుంది. అవి ఇంకా అక్కడే ఉన్నాయి. ఆమె వంటి మీద ఆ దుప్పట్లు లేవు. నళిని మాత్రం ఆ వరసలో లేదు. అప్పుడు నాకు కలిగింది సంతోషమో భయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను, రెండూ ఒకే చోట పుడతాయి కాబోలు.

ఎందుకు ఉన్నారు అక్కడ? ఇన్నేళ్లూ నేను చేసిన పని ఇదొక్కటే, మిగిలినదంతా డ్యూటీ. గేటు దగ్గర నిలబడి, శశికళతో సంతలో నడుస్తూ, గీతకు జ్వరం వస్తే తలదగ్గర కూర్చుని. ఎందుకు ఉన్నారు? ఈరమ్మ నడవలేక ఆగారు, అనుకున్నాను కొన్నేళ్లు. మోసుకుపోవచ్చు కదా, ఆవులప్ప నన్నే ఒకసారి మోశాడు. నా మీద నమ్మకంతో ఆగారు, అనుకున్నాను. అలా అనుకున్న రోజుల్లో అన్నం సయించేది కాదు. ఒక్కోసారి కోపం వచ్చేది, ఎంత చెప్పినా వినరేం, నేర్పిన పాఠమే కదా అని. చచ్చిపోయినవాళ్ల మీద కోపం తెచ్చుకునేంత గొప్పవాణ్ని నేను.

నళిని చేరిన రోజు గుర్తొస్తోంది. చేతులకు గాజులు వేసుకుని వచ్చింది, వాళ్లమ్మ తొడిగినవట. గాజులు చప్పుడు చేస్తాయి, తీసెయ్యాలన్నాను. బిగుతుగా ఉన్నాయి, వస్తలేవంది. పగలగొట్టమన్నాను. సబ్బు దొరికేదాకా ఆగన్నా అంది. ఆ పూట మేం దూరం నడవాలి. దారి పొడుగునా కుడిచేతి గాజుల్ని ఎడమచేత్తో, ఎడమచేతి గాజుల్ని కుడిచేత్తో మార్చి మార్చి పట్టుకుంటూ నడిచింది. ఒక్క చప్పుడు రాలేదు. ఈ అమ్మాయి నిలబడుతుంది అని అప్పుడే అనుకున్నాను. నిలబడింది, నేనే కదా కూర్చుండిపోయింది.

పైన కిటికీలోంచి గీత చెయ్యి ఊపింది. ఇంకో పది నిమిషాలు నాన్నా, అన్నట్టు వేళ్లు చూపించింది. మోచేతుల దాకా ఎర్రగాజులు. నేనూ చెయ్యి ఊపాను. ఇప్పుడు లేచిపోతే, దుకాణంలోకి వెళ్లి వాళ్లిద్దర్నీ వెనక గుమ్మంలోంచి తీసుకుపోతే, నంబరు మార్చేస్తే, ఉద్యోగం మార్చేస్తే. చోటు మార్చడం నాకు చేతకానిదా. కాళ్లు కూడా లేచాయి, నిజం. బల్ల మీద డబ్బులు పెట్టాను. అప్పుడు ఎదుటి గ్లాసు కనపడింది, మీగడ కట్టి, ఎవరూ ముట్టుకోకుండా. ఉండు అంది. నా కోసం ఉండిపోయినవాళ్ల తరఫున ఒక్క మనిషి ఉండు అంటే ఉండలేనా. కూర్చున్నాను. ఇంకో బై టూ చెప్పాను.

ఆమె ఎటునుంచి వచ్చిందో నేను చూడలేదు. రెండు కొసలూ చూస్తూనే ఉన్నాను, అయినా చూడలేదు. బల్ల పక్కన నీడ పడితే తలెత్తాను. నెరిసిన జుట్టు, నీరుకావి చీర, ఎడమకాలు కొంచెం ఈడుస్తోంది. ఉత్త చేతులు. ఎదురుగా కూర్చుంది. నా ముఖాన్ని చాలాసేపు చూసింది, చదువుకుంటున్నట్టు. సన్నబడ్డావన్నా అంది. నేను ఇంతకు ముందెప్పుడూ ఇంత లావుగా లేను. ఆ పొద్దు ఎట్లా తప్పించుకుందో, వాగులో పడి కొట్టుకుపోయి ఏ గొల్లవాళ్ల కొట్టంలో దాక్కుందో, ఆ తర్వాత దొరికిపోయి జైల్లో ఎన్నాళ్లు ఉందో, ఒక్కొక్కటే చెప్పింది, వేరే ఎవరి కథో చెబుతున్నట్టు. కాఫీ తాగింది. తాగుతుందన్నమాట. నేను ఆ ఒక్క మాట కోసం చూస్తున్నాను.  గ్లాసు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను క్షమించన్నా" అంది.

నాకు అర్థం కాలేదు. డోలు మళ్లీ మొదలైంది, అది ఆగేదాకా ఆగి చెప్పింది. ఆ సాయంత్రం పొద్దు గూకగానే మూటలు కట్టారట. ఈరమ్మను మొయ్యడానికి కర్రలు కొట్టి కట్టేసరికి బాగా రాత్రయిందట. అప్పుడు మేకలు కాసుకునే ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చి, మీ అన్న స్టేషన్లో ఉండాడు, నా కండ్లతో చూసినా అన్నాడట. "నిన్ను పట్టుకున్యారని అందురూ ఏడ్సిరి. పొద్దున్నే జీపులో ఘాటు రోడ్డు మింద కోర్టుకు తీస్కపోతారు, ఆడ అడ్డం పడి నిన్ను ఇడిపిచ్చల్లని నేనే అంటి. ఆవులప్ప వద్దనె. చోటు మార్చల్ల, అన్న చెప్పిన రూలు అనె. నేను ఇన్లేదు. డిప్యూటీని నేను, నా మాటే పైన పడె. ఈరమ్మ గూడా నన్ను ఈడ్నే పండబెట్టండి, అన్నను తెండి అనె." ఆమె గొంతు పెద్దది కాలేదు, చిన్నదీ కాలేదు. "తెల్లార్లూ తుపాకులు తుడుసుకుంటా కూర్చుంటిమి. తెల్లారకముందే వాళ్లే వచ్చిరి. నీ రూలు నేను తప్పితి. అందర్నీ నేనే సంపితి. ఆడ నువ్వు దెబ్బలు తింటా ఉంటివి, నిన్నూ తేలేకపోతిమి. లొంగిపోయినావని పేపర్లో ఏస్తే, కొట్టి చెప్పించినారనుకుంటి. ఈ మాట నీకు చెప్పకుండా చావగూడదని ఉంటి."

ఎదురుచూశారు అనుకున్నాను ఇన్నేళ్లూ. ఎదురుచూడలేదు, నా కోసం బయలుదేరబోయారు. నేను కుర్చీలో టీ తాగుతున్నప్పుడు తుపాకులు తుడుచుకున్నారు. నాకు నిద్ర పట్టినప్పుడు వాళ్లు మేలుకుని ఉన్నారు. ఆవులప్ప వద్దన్నాడు, నా పాఠం వాడొక్కడే వప్పజెప్పాడు. నళినికి ఏమీ తెలియదు. ఇప్పుడు ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆ రోజు స్టేషన్లో నాకు కుర్చీ వేసిన ఆఫీసరు పోయాడని ఎప్పుడో పేపర్లో చూశాను. నాకు ఇక ఏ భయమూ లేదు. క్షమించాను తల్లీ అంటే చాలు, కళ్లు తుడుచుకుని వెళ్లిపోతుంది, నా ఇల్లు నాకు ఉంటుంది. ఎంత చక్కగా కుదిరిందో. ఈ మాట ఇంతకుముందు ఒకసారి అనుకున్నాను.

ఇంతలో వాళ్లు రోడ్డు దాటి వచ్చేశారు, చేతుల నిండా సంచులు. గీత ముఖం వెలిగిపోతోంది. శశికళ నళినిని, ఆమె చేతిలో ఉన్న నా చేతిని చూసింది. ఎవరని అడిగింది.  నళినే చెప్పింది, పాత స్నేహితులమని, అన్నతో అడవిలో ఉండేదాన్నని, గీత ముందే, దాచకుండా. గీత నా వైపు, వాళ్లమ్మ వైపు చూసింది.  శశికళ సంచి బల్ల మీద పెట్టి పెట్టె విప్పింది. "అట్లయితే ఈయమ్మకే మొదుట తొడగల్ల" అంది. నళిని వద్దంటున్నా వినకుండా, ఆకుపచ్చ గాజులు తీసి, వేళ్లు నొక్కి పట్టి, ఒక్కొక్కటే కుడిచేతి మణికట్టు దాకా ఎక్కించింది. ఆనేకల్లు ఆడవాళ్లకు అది బాగా వచ్చు. తొడుగుతూనే గొంతు తగ్గించి మాట్లాడింది. "ఈయప్ప వీపు మీద మచ్చ చూసినప్పుడంతా నా కడుపు కాలతాదమ్మా. ఎంత కొట్టిండారో పాపాత్ములు. అయినా ఒగురి పేరు గూడా చెడ్డగా చెప్పింది లేదు, ఈ పొద్దుటికీ."

నళిని తల ఊపింది. కళ్లు తుడుచుకోబోయి చెయ్యెత్తితే గాజులు గలగలమన్నాయి, ఆమే ఉలిక్కిపడింది. అది చూశాక ఇంక నా వల్ల కాలేదు. ఆవులప్ప వరసలో పడుకుని ఉన్నాడు, ఈరమ్మ పడుకుని ఉంది, ఆ వరసంతా ఈమె నెత్తిన పెట్టి నేను లేచి ఇంటికి పోవాలి, పోయి వెచ్చటి కొబ్బరినూనె రాయించుకోవాలి.

"నన్ను ఎవరూ పట్టుకోలేదు నళినీ" అన్నాను. "నేనే పోయినా. కొట్టనూ లేదు. అడిగిందే తడవుగా చెప్పినా."

గీత చేతిలో సంచి కింద పెట్టింది. శశికళ నా ముఖం వైపు చూడలేదు. వీపు వైపు చూసింది, చొక్కా లోపల మచ్చ ఉండే చోటికి సరిగ్గా. పక్క దుకాణంలో బేరం కుదిరినట్టుంది, డోలు ఇక మోగలేదు.  నళిని నా చెయ్యి వదిలేసింది. కుర్చీ జరిపి లేచి నిలబడి, కుడిచేతి గాజుల్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, చప్పుడు కాకుండా, వీధిలోకి దిగి నడిచింది.